కోడ్ రాయడానికి ఎడిటర్‌ను ఎంచుకోవడం ఎలా?

ఏ ఎడిటర్ మంచిదని పది మందిని అడగండి. పది మందీ తాము వాడేదాని పేరే చెబుతారు. అందులో మోసమేమీ లేదు. ఏళ్ల తరబడి వాడిన పనిముట్టు మీద మమకారం పుడుతుంది, చేతులు దాని దారికి వచ్చేస్తాయి. కాకపోతే వాళ్ల పని వేరు, మీ పని వేరు. అందుకే ఎవరి సలహా అయినా సరే, నాదైనా సరే, వినే ముందు ఒక రోజు మీ పనిని మీరే గమనించుకోవాలి.

## 1. ఒక రోజంతా మీ వేళ్లను గమనించండి

కీబోర్డు పక్కన ఒక కాగితం పెట్టుకుని మామూలుగానే పని చేసుకోండి. ఫైలు తెరిస్తే ఒక గీత. ఫలానా ఫంక్షన్ ఎక్కడ రాసి ఉందో వెతికితే ఒక గీత. ఒక పేరును అన్నిచోట్లా మార్చినప్పుడు, ప్రోగ్రామ్ నడిపినప్పుడు, గిట్‌లో (కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రను దాచే పనిముట్టు) తేడాలు చూసుకున్నప్పుడు, కొత్త కోడ్ టైప్ చేసినప్పుడు కూడా గీతే. ఒక్కో పనికి ఒక్కో వరుస ఉంటే చాలు.

నేను ఈ లెక్క వేసుకున్న రోజు వెతుకులాట వరుస కాగితం అంచు దాటిపోయింది. కొత్తగా టైప్ చేసిన గీతలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉన్నాయి. అప్పటిదాకా నేను ఎడిటర్లను బేరీజు వేసింది రంగులు చూసి, సగం పదం కొట్టగానే మిగతాది ఎంత చప్పున పూరిస్తుందో చూసి. అంటే రోజులో అన్నిటికంటే తక్కువసేపు చేసే పనికి పరీక్ష పెట్టి మార్కులు వేస్తూ వచ్చానన్నమాట. మీ కాగితం వేరేలా ఉండొచ్చు. రోజంతా బ్రేక్‌పాయింట్లు, అంటే ప్రోగ్రామ్‌ను మధ్యలో ఆపే గుర్తులు, పెట్టుకుని తప్పులు పట్టే డీబగ్గర్‌లోనే గడిపేవాళ్లున్నారు, సర్వర్లలోకి లాగిన్ అయి చిన్న చిన్న ఫైళ్లు దిద్దేవాళ్లున్నారు. ఏ వరుస పొడవుగా ఉంటే ఆ పనే మీ మొదటి ప్రమాణం.

పనిముట్టు మీద అది పుట్టిన పని తాలూకు ముద్ర ఉండిపోతుంది. 1976లో బిల్ జాయ్ వీఐ ఎడిటర్‌ను రాసినప్పుడు ఆయన ముందున్న టెర్మినల్ (కంప్యూటర్‌కు తగిలించిన తెర, కీబోర్డు) ఏడీఎం-3ఏ. దాని కీబోర్డులో హెచ్, జే, కే, ఎల్ అక్షరాల మీదే బాణం గుర్తులు ముద్రించి ఉండేవి. ఈనాటికీ వీఐ వారసుడైన విమ్ వాడేవాళ్లు కర్సర్‌ను కదిపేది ఆ నాలుగు అక్షరాలతోనే. టెర్మినల్ మూలన పడింది కానీ అలవాటు మిగిలింది.

## 2. మీరు రాసే భాషను బట్టి జాబితా కుదించండి

కొన్ని చోట్ల అసలు ఎంపికే ఉండదు. ఐఫోన్ యాప్ రాయాలంటే మ్యాక్ మీద ఎక్స్‌కోడ్ తప్పదు. ఆండ్రాయిడ్ యాప్‌కు ఆండ్రాయిడ్ స్టూడియో కాకుండా ఇంకేదో వాడతానంటే అనవసరంగా ఏటికి ఎదురీదడమే. జావా, కాట్లిన్‌లలో పెద్ద ప్రాజెక్టు అయితే ఇంటెల్లీజే ఐడియా ముందుంటుంది. 2001లో తొలి వెర్షన్ వచ్చినప్పటి నుంచి దాని బలం కోడ్‌ను అర్థం చేసుకుని క్షేమంగా మార్చగలగడమే. పైగా కాట్లిన్ భాషను తయారుచేసింది ఆ ఎడిటర్ తయారుచేసే జెట్‌బ్రెయిన్స్ సంస్థే. ఈ నాలుగింటిలో మీది ఏదైనా ఉంటే ఇక్కడి నుంచి నేరుగా 5వ మెట్టుకు వెళ్లిపోవచ్చు.

పైతాన్, జావాస్క్రిప్ట్, గో, రస్ట్, సీ లాంటివి రాసేవాళ్లకు మాత్రం మైదానం పెద్దది. దానికి కారణం తెలుసుకుంటే ఎంపిక సగం తేలికవుతుంది. ఒకప్పుడు ప్రతి ఎడిటర్‌కూ ప్రతి భాష గురించి విడివిడిగా నేర్పాల్సి వచ్చేది. 10 ఎడిటర్లు, 20 భాషలు ఉంటే 200 ప్లగిన్లు, అంటే ఎడిటర్‌కు తగిలించే చేర్పులు. 2016లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ అనే ఒప్పందాన్ని ప్రకటించాయి. భాష గురించి తెలిసిన ప్రోగ్రామ్ ఒకటి వెనకాల విడిగా నడుస్తుంది. ఈ పేరు ఎక్కడ నిర్వచించారు, ఈ చుక్క తర్వాత ఏమేం రావచ్చు అని ఎడిటర్ దాన్ని అడుగుతుంది, అది జవాబు చెబుతుంది. ఇప్పుడు 200 కాదు, 30 ఉంటే చాలు. రస్ట్‌కు రస్ట్-ఎనలైజర్, సీకి క్లాంగ్‌డీ, పైతాన్‌కు పైరైట్, గోకు గోపీఎల్ఎస్ ఇలాంటివే. చివరిదాన్ని దాని తయారీదార్లు ముద్దుగా ‘గో ప్లీజ్’ అని పలుకుతారు.

దీనివల్ల మీకు ఒరిగేదేమిటంటే, పదాలు పూరించడం, తప్పుల కింద ఎర్రగీత గీయడం లాంటివి చూసి ఎడిటర్‌ను ఎంచుకోనక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ వారి వీఎస్ కోడ్‌లో రస్ట్ రాసినా, విమ్ నుంచి పుట్టిన నియోవిమ్‌లో రాసినా లోపల జవాబిచ్చేది ఒకే సర్వర్. తేడా అంతా ఆ జవాబును మీ చేతికి ఎలా అందిస్తుందన్న దగ్గరే.

## 3. రెండు పేర్లు, మహా అయితే మూడు

అంతకంటే ఎక్కువ రాసుకుంటే ఏదీ సరిగా చూడరు. నా అంచనాలు ఇవి.

ఇప్పుడిప్పుడే ప్రోగ్రామింగ్ మొదలుపెట్టినవాళ్లు ఈ వెతుకులాట మొత్తాన్ని వాయిదా వేసేయండి. పైతాన్ అయితే థానీ అనే ఎడిటర్ చాలు. ఒక్కో లైను నడుస్తుంటే వేరియబుల్స్ విలువలు ఎలా మారుతున్నాయో కళ్లముందే చూపిస్తుంది. మొదటి మూడు నెలల్లో మీకు కావాల్సింది అదే.

ఏం తేల్చుకోలేకపోతున్నవాళ్లకు వీఎస్ కోడ్. 2015లో వచ్చింది, డబ్బు కట్టనక్కర్లేదు, ఏ భాషకైనా ఎక్స్‌టెన్షన్ (ప్లగిన్‌కు ఇక్కడి పేరు) దొరుకుతుంది, వేరే కంప్యూటర్‌లో ఉన్న కోడ్‌ను ఇక్కడి నుంచే దిద్దుకునే సదుపాయం చాలా బాగుంటుంది. లోపల బ్రౌజర్ ఇంజిన్ నడుస్తుంది కాబట్టి ర్యామ్ బాగానే తింటుంది. పాత ల్యాప్‌టాప్ మీద ఇది చిన్న విషయం కాదు. అలాంటి యంత్రం మీదైతే 2008 నుంచీ ఉన్న సబ్లైమ్ టెక్స్ట్‌ను చూడండి, క్షణంలో తెరుచుకుంటుంది. లైసెన్సు కొనాలి కానీ, పరీక్షించి చూసుకోవడానికి గడువేమీ పెట్టరు.

కీబోర్డు వదలడం ఇష్టం లేనివాళ్లకు విమ్ లేదా నియోవిమ్. ఎడిటర్‌ను తన ఇంటిలా లోపలి గోడలతో సహా మార్చుకోవాలనుకునేవాళ్లకు ఈమ్యాక్స్. దాని మూలాలు 1976 దాకా వెళ్తాయి, ఇప్పుడు వాడే గ్నూ ఈమ్యాక్స్ 1985లో జనంలోకి వచ్చింది. నిజానికి అది ఎడిటర్ వేషం కట్టిన లిస్ప్ ఇంటర్‌ప్రెటర్, అంటే లిస్ప్ భాషలో రాసినదాన్ని నడిపే ప్రోగ్రామ్. మెయిలు, చేయాల్సిన పనుల జాబితా, గిట్ అన్నీ అందులోనే చూసుకుంటూ బయటికే రానివాళ్లు ఉన్నారు.

కొత్తవాటిలో జెడ్, హెలిక్స్ చూడదగ్గవే. జెడ్‌ను తయారుచేసినవాళ్లు అంతకుముందు ఆటమ్ ఎడిటర్ వెనుక ఉన్నవాళ్లే. ఆటమ్ సంగతి గుర్తుపెట్టుకోండి. 2014లో కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ ఎంతో ఆర్భాటంగా తెచ్చింది, 2022 డిసెంబరు 15న మూసేసింది. దాని చుట్టూ సెట్టింగ్స్ పేర్చుకున్నవాళ్లంతా ఇల్లు మారాల్సి వచ్చింది. అలాగని కొత్తవి వాడొద్దని కాదు. సోర్స్ కోడ్ బయట ఉందా, దాన్ని ఎవరు పోషిస్తున్నారు అన్నవి రెండు నిమిషాలు చూసుకుంటే పోయేదేమీ లేదు.

## 4. ఒకే ప్రాజెక్టుతో పరీక్ష పెట్టండి

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. కొత్త ఎడిటర్ దించుకుంటారు, ఖాళీ ఫైలు తెరుస్తారు, నాలుగు లైన్లు కొడతారు, బాగుందంటారు. ఖాళీ ఫైల్లో అన్నీ బాగానే ఉంటాయి. మీరు రోజూ పని చేసే ప్రాజెక్టునే తెరవండి. ఎక్స్‌టెన్షన్లు, థీములు ఏవీ వేయకుండా, మీ భాషకు కావాల్సిన ఒక్కటి మాత్రం వేసుకుని, జాబితాలో ఉన్న ప్రతి ఎడిటర్‌లోనూ కింది పనులే చేయండి.

ముందు, పేరు సగమే గుర్తున్న ఫైలును తెరవండి. వీఎస్ కోడ్‌లో కంట్రోల్, పి కొట్టి ముక్కలుగా టైప్ చేసినా పట్టుకుంటుంది. మ్యాక్‌లో కంట్రోల్ బదులు కమాండ్.

తర్వాతిది అసలైన పరీక్ష. ఒక ఫంక్షన్ పిలిచిన చోట కర్సర్ పెట్టి, దాని నిర్వచనానికి దూకండి. అక్కడి నుంచి ఇంకోదానికి, అక్కడి నుంచి మరోదానికి. మూడు నాలుగు ఫైళ్ల లోతుకు వెళ్లాక బయల్దేరిన చోటికి తిరిగి రండి. దూకడం అన్ని ఎడిటర్లకూ వచ్చు. వెనక్కి రావడం దగ్గరే అసలు రంగు బయటపడుతుంది. విమ్‌లో కంట్రోల్, ఓ. విండోస్ మీద వీఎస్ కోడ్‌లో ఆల్ట్, ఎడమ బాణం. ఇంటెల్లీజేలో కంట్రోల్, ఆల్ట్, ఎడమ బాణం. మీటలు నొక్కడం కాదు, వచ్చేసరికి మీరు ఏ ఆలోచనతో బయల్దేరారో అది తలలో ఉందా, మధ్యలో జారిపోయిందా అన్నది చూసుకోండి. కొత్త ట్యాబులు పది తెరుచుకుని, ఎక్కడున్నారో మీకే తెలియకపోతే ఆ ఎడిటర్‌కు ఒక మార్కు తగ్గించండి.

మూడోది, పది ఫైళ్లలో వాడిన ఒక పేరును మార్చండి. వెతికి మార్చడం కాదు, కోడ్ అర్థాన్ని బట్టి మార్చే కమాండుతో. వీఎస్ కోడ్‌లో ఎఫ్2. మార్చాక గిట్‌లో తేడా చూడండి. అదే పేరున్న వేరే వేరియబుల్‌ను కూడా ముట్టుకుందా? కామెంట్లలో ఉన్న పేరును వదిలేసిందా? జెట్‌బ్రెయిన్స్ ఎడిటర్లు కొట్టిపారేయలేనివని నాకు అర్థమైంది ఈ పరీక్షలోనే.

నాలుగోది, ఒక 200 ఎంబీ లాగ్ ఫైలు తెరిచి ఒక పదం కోసం వెతకండి. కొన్ని ఎడిటర్లు ఉక్కిరిబిక్కిరవుతాయి, కొన్ని రంగులూ ఇతర హంగులూ ఆపేసి నెట్టుకొస్తాయి. ఐదోది, ఇంటర్నెట్ తీసేసి అరగంట పని చేయండి. ఆరోది, చేసిన మార్పుల్లో సగం మాత్రమే కమిట్ చేయండి, అంటే గిట్‌లో నమోదు చేయండి. ఇవి రెండూ చకచకా అయిపోతాయి.

తెలుగు అక్షరాలతో పని ఉన్నవాళ్లకు ఇంకొకటి. ఒక స్ట్రింగ్‌లో ‘స్త్రీ’ అని రాసి, బాణం మీటతో దాని మీదుగా కర్సర్ కదపండి, బ్యాక్‌స్పేస్‌తో చెరపండి. మన కంటికి అది ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు 6 కోడ్‌పాయింట్లు (అక్షర భాగాలకు ఇచ్చిన అంకెలు), వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. ఇప్పటి టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీలో, నడిచే ఎడిటర్లు తెరను సమానమైన గళ్లుగా విభజించి ఒక్కో గడిలో అక్షరం పెడతాయి కనుక ఒత్తులు చెదరడం, కర్సర్ ఒకచోట కనబడి దిద్దుబాటు ఇంకోచోట జరగడం మామూలే. అనువాదాల ఫైళ్లతో రోజూ కుస్తీ పట్టేవాళ్లు విమ్ ఎంత ఇష్టమైనా ఈ పరీక్ష దాటవేయొద్దు.

కృత్రిమ మేధ సహాయకాల సంగతేమిటని అడుగుతారు. పరీక్షప్పుడు ఆపేయండి. అవి నెలనెలా మారిపోతున్నాయి, ఇవాళ ఒకదానిలో ఉన్నది రేపు ఇంకోదానిలో ఉంటుంది. పైగా కర్సర్ అనే ఎడిటర్ లాంటివి వీఎస్ కోడ్ మీద కట్టినవే కాబట్టి ఇక్కడ నేర్చిన షార్ట్‌కట్లు అక్కడ చాలావరకు పనిచేస్తాయి. ఆఫీసు కోడ్ అయితే దాన్ని బయటి సర్వర్లకు పంపడానికి అనుమతి ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోండి, తర్వాత సంజాయిషీ ఇచ్చుకోవడం కంటే అది మేలు.

## 5. ఒకటి తీసుకుని నెల రోజులు కదలకండి

పరీక్షలో గెలిచినదాన్ని నెల రోజులు వాడండి. మొదటి వారం నెమ్మదిస్తారు, విసుగొస్తుంది, పాతదే నయమనిపిస్తుంది. ఆ వారం ఇచ్చే తీర్పును లెక్కలోకి తీసుకోకండి.

విమ్ తీసుకుంటే ఈ మాట రెండింతలు నిజం. విమ్‌తో పాటే వచ్చే విమ్‌ట్యూటర్‌ను టెర్మినల్‌లో నడిపితే అరగంటలో తొలి పాఠం అయిపోతుంది. దాన్ని వారంలో మూడుసార్లు చేయండి. విమ్ షార్ట్‌కట్లు గుర్తుపెట్టుకోవడం కష్టమంటారు కానీ, అది బట్టీ పట్టేది కాదు, వ్యాకరణం. డి అంటే చెరుపు, సి అంటే మార్చు, వై అంటే నకలు తీసుకో. డబ్ల్యూ అంటే పదం, పి అంటే పేరా. వీటి మధ్యలో ఐ పెడితే ‘లోపల’ అని అర్థం. సి, ఐ, కోట్ గుర్తు వరుసగా కొడితే కోట్ల మధ్యలో ఉన్నదాన్ని తీసేసి కొత్తది రాయడానికి సిద్ధమవుతుంది. ఒక క్రియ కొత్తగా నేర్చుకుంటే మీకు తెలిసిన ప్రతి కర్మతోనూ అది కలుస్తుంది.

ఇదంతా బాగుంది కానీ విమ్‌లో కాపురం ఉండలేం అనేవాళ్లకు మధ్యేమార్గం ఉంది. వీఎస్ కోడ్‌లోనూ ఇంటెల్లీజేలోనూ విమ్ మీటలు పెట్టే ఎక్స్‌టెన్షన్లున్నాయి. ఈమ్యాక్స్‌లో అదే పని చేసేదాని పేరు ఈవిల్. రెండు పడవల మీద కాళ్లు పెట్టి మునగకుండా వెళ్లగలిగిన అరుదైన సందర్భం ఇది, చాలామంది ఇలాగే స్థిరపడ్డారు.

ఈ నెలలో రోజుకో షార్ట్‌కట్ నేర్చుకోండి. చీటీ మీద రాసి తెర అంచుకు అంటించండి. ఫైలు తెరవడం, నిర్వచనానికి దూకడం, వెనక్కి రావడం, ప్రాజెక్టు మొత్తంలో వెతకడం, పేరు మార్చడం, లైనును పైకీ కిందికీ జరపడం, టెర్మినల్ తెరిచి మూయడం, బ్రేక్‌పాయింట్ పెట్టడం. వీటికి మౌస్ పట్టుకోవడం మానేస్తే చాలు, మిగతావి మీ కాగితంలోని గీతలే చెబుతాయి. ఏదీ గుర్తురాకపోతే వీఎస్ కోడ్‌లో కంట్రోల్, షిఫ్ట్, పి కొట్టండి. కమాండ్ పేరు పక్కనే దాని షార్ట్‌కట్ కూడా కనిపిస్తుంది.

## 6. సెట్టింగ్స్: కొద్దిగా, జాగ్రత్తగా

థీము మీ ఇష్టం, దాని గురించి నేను మాట్లాడను. ఫాంటు మాత్రం సున్నాకూ ఓ అక్షరానికీ, ఒకటికీ చిన్న ఎల్‌కీ తేడా స్పష్టంగా కనబడేది పెట్టుకోండి.

సేవ్ చేయగానే కోడ్‌ను తీర్చిదిద్దే సదుపాయం చాలా మంచిదే, మీ ఒక్కరి ప్రాజెక్టులో. ఒకసారి నలుగురు కలిసి పని చేసే ప్రాజెక్టులో నేను ఒక్క లైను మార్చి సేవ్ చేశాను. ఎడిటర్ ఫైలు మొత్తాన్నీ తన అభిరుచికి తగ్గట్టు సర్దేసింది, నేను చూసుకోకుండా కమిట్ చేశాను. సమీక్షించిన సహోద్యోగి ‘ఆరొందల లైన్లలో నువ్వు మార్చిన లైను ఏది’ అని అడిగారు. వెతికి చెప్పడానికి నాకే కాసేపు పట్టింది. కాబట్టి ట్యాబా స్పేసా, ఎన్ని స్పేసులు అన్నవి ఎడిటర్‌లో కాకుండా ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే ఎడిటర్‌కాన్ఫిగ్ అనే చిన్న ఫైల్లో రాసి పెట్టండి. చాలా ఎడిటర్లు దాన్ని చదువుతాయి, లేదా ఒక ప్లగిన్‌తో చదువుతాయి. ఎవరు ఏ ఎడిటర్ వాడినా గొడవ రాదు.

ఎక్స్‌టెన్షన్లు ఒకేసారి ఇరవై వేసుకోకండి. ఏదైనా పని మూడుసార్లు విసిగించాకే దానికో ఎక్స్‌టెన్షన్ వెతకండి. ఎందుకు వేశారో ఒక లైను రాసుకోండి. ఇది పొదుపు కోసమే కాదు. వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్ మీ యూజర్‌కు ఉన్న అధికారాలన్నిటితోనూ నడుస్తుంది. మీరు చదవగలిగిన ఏ ఫైలునైనా, సర్వర్లలోకి వెళ్లడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ తాళాలతో సహా, అదీ చదవగలదు. అసలు పేరుకు ఒక అక్షరం తేడాతో నకిలీలు పెట్టేవాళ్లుంటారు కనుక ప్రచురించింది ఎవరో చూసి వేసుకోండి. తెలియని చోటు నుంచి దించుకున్న ఫోల్డర్ తెరిస్తే, దీన్ని నమ్ముతున్నారా అని వీఎస్ కోడ్ అడుగుతుంది. విసుక్కుని అవునని కొట్టేయకండి, చదవడానికి మాత్రమే అయితే ‘లేదు’ అన్నా పనవుతుంది.

ఎడిటర్ ఉన్నట్టుండి మొండికేస్తే ముందు అనుమానించాల్సింది ఎక్స్‌టెన్షన్లనే. వీఎస్ కోడ్‌లో కమాండ్ల జాబితా తెరిచి ‘ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్’ అని వెతకండి. సగం ఆపి, సమస్య ఉందా పోయిందా అని మిమ్మల్ని అడిగి, మిగిలిన వాటిలో మళ్లీ సగం చేస్తూ పోతుంది. 32 ఉన్నా ఐదు విడతల్లో దొంగ దొరికిపోతాడు.

కుదురుకున్నాక సెట్టింగ్స్ ఫైలును ఒక గిట్ రిపోజిటరీలో దాచుకోండి. అందులో పాస్‌వర్డులు, టోకెన్లు లేకుండా చూసుకోండి.

## 7. ఏది వాడినా, వీఐ నుంచి బయటపడటం నేర్చుకోండి

మీ ఎడిటర్ లేని కంప్యూటర్ ముందు ఏదో ఒక రోజు కూర్చుంటారు. సర్వర్‌లో లాగిన్ అయితే ఉండేది సాధారణంగా వీఐ, లేదంటే నానో. చాలా కంప్యూటర్లలో గిట్ కమిట్ కొట్టగానే తెరుచుకునేదీ వీఐ కుటుంబానిదే. విమ్ నుంచి బయటికి రావడం ఎలా అన్న ఒక్క ప్రశ్నను ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో పది లక్షల సార్లకు పైగా చూశారని ఆ సైటే 2017లో సరదాగా ప్రకటించింది. కనుక ఇరుక్కుంటే సిగ్గుపడనక్కర్లేదు.

ఐ కొడితే టైప్ చేయొచ్చు. అయ్యాక ఎస్కేప్. కోలన్, డబ్ల్యూ, క్యూ, ఎంటర్ కొడితే సేవ్ చేసి బయటికి. ఏదో పాడుచేశాననిపిస్తే ఎస్కేప్, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్, మార్పులన్నీ వదిలేసి బయటికి. నానోలో సేవ్‌కు కంట్రోల్, ఓ. బయటికి కంట్రోల్, ఎక్స్. గిట్‌కు మీ ఎడిటర్‌నే తెరవమని చెప్పాలంటే గిట్ కాన్ఫిగ్‌లో కోర్ ఎడిటర్ అనే సెట్టింగ్ మారిస్తే సరి. వీఎస్ కోడ్ అయితే కమాండ్ చివర ‘వెయిట్’ ఆప్షన్ చేర్చడం మరవకండి. లేదంటే మీరు సందేశం రాసేలోపే గిట్, రాయడం అయిపోయిందనుకుని ఖాళీ సందేశమని కమిట్‌ను రద్దు చేసేస్తుంది.

నెల గడిచాక మొదటి రోజు చేసినట్టే ఇంకో కాగితం తీసుకుని మళ్లీ గీతలు గీయండి. ఈసారి గీత గీసేది చేయి తడబడిన చోట మాత్రమే. మూడు నాలుగు రకాల తడబాట్లే కనబడితే వాటికి షార్ట్‌కట్లు మార్చుకుని అందులోనే ఉండిపోండి. కాగితం నిండిపోతే జాబితాలోని రెండో పేరు దగ్గరికి వెళ్లి 4వ మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. అందాకా పాత ఎడిటర్‌ను కంప్యూటర్‌లోంచి తీసేయకండి.